పురిటింట్లో తోడెవరు?

2022 అక్టోబర్‌లో భూపాలపల్లి సర్కారు దవాఖానలో ఓ మగబిడ్డ పుట్టాడు. మర్నాడు పత్రికలన్నీ ఆ కబురు రాశాయి. తల్లి ఇలా త్రిపాఠి అప్పటికి ములుగు జిల్లా అదనపు కలెక్టర్. తండ్రి భవేశ్ మిశ్రా భూపాలపల్లి జిల్లా కలెక్టర్. అంతకు ఐదేళ్ల ముందు కూడా ఇలాంటి వార్తే వచ్చింది. భూపాలపల్లి జిల్లాకు తొలి కలెక్టర్‌గా ఉన్న ఆకునూరి మురళి 2017లో తన కూతురిని కాన్పు కోసం ములుగు ప్రభుత్వ ఆసుపత్రిలోనే చేర్పించారు. అప్పటికి ములుగు కూడా ఆ జిల్లాలోనే ఉండేది.

పెద్ద ఉద్యోగుల ఇళ్లలో కాన్పు సర్కారు దవాఖానలో జరిగితే జనం ఆశ్చర్యపోయారు, సంతోషించారు. వాళ్ల ముత్తవ్వలకైతే అసలు ఆడమనిషి కాన్పుకని ఇల్లు దాటి పోవడమే వింతగా తోచేది. ఇంటి నుంచి దవాఖానకు సాగిన ఆ ప్రయాణంలో జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల ఆడవాళ్లకు చాలా దక్కింది. ఒకటి మాత్రం మధ్యలో చేజారింది. నొప్పులు మొదలైనప్పటి నుంచి బిడ్డ రొమ్ము పట్టే దాకా పక్కనే కూర్చునే తోడు అది.

ఈ మూడు జిల్లాలూ 2016 అక్టోబర్ 11న ప్రధానంగా పాత వరంగల్ నుంచి విడివడ్డవే. పాత రోజుల్లో ఇక్కడి ఊళ్లలో కాన్పు అంటే మంత్రసాని పని. తెలంగాణ పల్లెల్లో ఎక్కువగా మంగలి ఇళ్ల ఆడవాళ్లు ఈ పని చేసేవారు. మంగలి స్త్రీల మంత్రసానితనం గురించి ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో అచ్చయిన తన కులాల గ్రంథంలోనూ రాశాడు. నడిరాత్రి కబురొచ్చినా ఆమె లేచి వెళ్లాల్సిందే. మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏది వచ్చినా పట్టాల్సిందేనన్న సామెత ఆ బాధ్యత నుంచే పుట్టింది. నడుం నిమరడం, పొత్తికడుపు తడిమి బిడ్డ ఎటు తిరిగిందో చూడడం, గర్భిణిని గొంతు కూర్చోబెట్టడమో దూలానికి కట్టిన తాడు పట్టించి నిలబెట్టడమో చేయడం, బిడ్డ పడ్డాక మాయ కోసం ఓపిగ్గా ఎదురుచూడడం ఆమెకు తరతరాలుగా అబ్బిన విద్య. పురుడు పోశాక కూడా వదిలిపెట్టేది కాదు. బాలింతకు నూనె పట్టించి వేడినీళ్లు పోసేది, బిడ్డకు కాళ్ల మీద స్నానం చేయించి సాంబ్రాణి పొగ పట్టేది. దానికి ప్రతిఫలం వడ్లు, జొన్నలు, ఓ చీర. అంత నమ్మకంగా చేసిన మనిషిని పురుటి మైల పేరుతో గడప బయటే నిలబెట్టిన ఇళ్లు కూడా తక్కువేం కాదు.

ఆ రోజులు బంగారమని ఎవరైనా అంటే నమ్మడానికి లేదు. బొడ్డు కోసిన కొడవలి, కోసిన చోట అద్దిన బూడిద ధనుర్వాతాన్ని తెచ్చేవి. బిడ్డ అడ్డం తిరిగితే, మాయ లోపలే ఉండిపోతే, రక్తం ఆగకుండా పోతే మంత్రసాని చేతిలో మందు లేదు, ఎక్కించడానికి రక్తం లేదు. 1946లో భోర్ కమిటీ వేసిన అంచనా ప్రకారం దేశంలో ప్రతి వెయ్యి కాన్పులకు ఇరవై మంది తల్లులు చనిపోయేవారు. ఆ రోజుల్లో ఆడమనిషి ఆరేడు సార్లు కనడం మామూలే కాబట్టి, ప్రతి ఊరికీ ఇలాంటి చావులు తెలుసు. అప్పటికి బ్రిటిష్ ఇండియా మొత్తం మీద శిక్షణ పొందిన మంత్రసానులు ఐదు వేల మందే.

నిజాం రాజ్యంలో వైద్యం హైదరాబాద్ చుట్టే తిరిగింది. ఆడవాళ్ల కోసం కట్టిన విక్టోరియా జనానా ఆసుపత్రికి 1906లో పునాది పడింది. వరంగల్ వైపు హనుమకొండలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ వాళ్లు ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆసుపత్రి తెరిచారు. జనగామ మీదుగా, మానుకోట (మహబూబాబాద్) మీదుగా బెజవాడ దాకా 1889 నాటికే రైలు పడింది గానీ, గూడూరు అడవుల్లోనో మహదేవ్‌పూర్ గోదావరి ఒడ్డునో నొప్పులు పడుతున్న మనిషికి స్టేషన్ చేరడమే గగనం. రాజధానిలో కూడా అందరికీ వైద్యం అందలేదు. నిలోఫర్ యువరాణి దగ్గర పనిచేసే రఫత్ అనే అమ్మాయి 1949లో కాన్పు కష్టమై చనిపోయింది. ఆ దుఃఖంలోంచి పుట్టిందే 1953లో తలుపులు తెరిచిన నిలోఫర్ ఆసుపత్రి. యువరాణి కొలువులో ఉన్న మనిషికే వైద్యం అందని చోట దొర గడీలో వెట్టి చేసే గర్భిణి గతి చెప్పక్కర్లేదు.

అదే కాలంలో ఈ నేల సాయుధ పోరాటంతో భగ్గుమంది. దళాల వెంట అడవి పట్టిన ఆడవాళ్లలో గర్భిణులూ ఉన్నారు. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’లో, వారిలో ఒకరైన కమలమ్మ తన కథ చెప్పుకొచ్చింది. అడవిలో కన్న బిడ్డను, ఏడుపు వినిపిస్తే దళం మొత్తానికి ముప్పని, పరాయి చేతుల్లో పెట్టాల్సి వచ్చింది. భూమి, భుక్తి అంటూ సాగిన చరిత్రలో బాలింతల చరిత్ర కూడా కలిసి ఉందని ఆ పుస్తకం గుర్తుచేసింది.

స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చింది. 1952లో సమాజ వికాస పథకం మొదలయ్యాక ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, వాటి వెంట ఏఎన్‌ఎంలు ఊళ్లకు వచ్చారు. ఊరి జనానికి ఆమె ‘నర్సమ్మ’. మొదట్లో ఏఎన్‌ఎం చదువు రెండేళ్లు, అందులో కాన్పులు చేయడమే ప్రధానం. కర్తార్ సింగ్ కమిటీ 1973లో ఇచ్చిన నివేదికతో కథ మారింది. ఏఎన్‌ఎంను బహుళార్థ ఆరోగ్య కార్యకర్తగా మార్చి, 1977లో శిక్షణను పద్దెనిమిది నెలలకు కుదించారు. కాన్పుల శిక్షణ కూడా తగ్గింది. కుటుంబ నియంత్రణ లక్ష్యాలు, టీకాలు, మలేరియా, రిజిస్టర్లు అన్నీ ఆమె నెత్తినే పడ్డాయి. మైదానంలో ఐదు వేల మందికి, గిరిజన ప్రాంతంలో మూడు వేల మందికి ఒక ఉపకేంద్రమన్నది లెక్క. అన్ని పనుల మధ్య నర్సమ్మ ఒక గర్భిణి పక్కన పది గంటలు కూర్చునే వీలెక్కడిది? అలా మంత్రసాని పాతబడిపోయింది, ఆమె స్థానంలోకి రావాల్సిన నర్సమ్మ వేరే పనుల్లో మునిగిపోయింది.

1992-93లో మొదటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే జరిగేనాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు మూడో వంతు కాన్పులే ఆసుపత్రుల్లో జరిగేవి. తర్వాతి మలుపు 2005. ఆ ఏప్రిల్‌లో జననీ సురక్ష యోజన మొదలైంది, గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో ఊరూరా ఆశా కార్యకర్తలు వచ్చారు, ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 అంబులెన్సు రోడ్డెక్కింది. తెలంగాణ వచ్చాక 102 అమ్మఒడి వాహనాలు గర్భిణులను పరీక్షలకు తీసుకెళ్లి, కాన్పయ్యాక తల్లీబిడ్డలను ఇంటి దగ్గర దింపడం మొదలుపెట్టాయి. 2017 జూన్‌లో కేసీఆర్ కిట్ వచ్చింది. సర్కారు దవాఖానలో కాన్పయితే మగబిడ్డకు 12 వేలు, ఆడబిడ్డకు 13 వేలు. సబ్బులు, నూనె, దోమతెర, తల్లికి చీరలు పెట్టిన సంచి అదనం. డబ్బు మొత్తం ఒకేసారి చేతికిచ్చేవారు కాదు. గర్భిణిగా పరీక్షలు చేయించుకున్నప్పుడు కొంత, కాన్పయ్యాక కొంత, బిడ్డకు టీకాలు వేయించాక మిగతాది. కూలి పోగొట్టుకుని దవాఖానకు వచ్చే తల్లికి అది నిజంగానే ఆసరా అయింది.

ఫలితం అంకెల్లో కనిపిస్తుంది. 2019-21 నాటి ఐదో సర్వే ప్రకారం తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. లక్ష కాన్పులకు తల్లుల మరణాలు 2018-20లో 43కు దిగాయి. దేశం సగటు అప్పుడు 97. భోర్ కమిటీ అంచనా పక్కన ఈ అంకెను పెట్టి చూస్తే, ఎన్ని ఇళ్లలో పిల్లలు తల్లి ఒడిలో పెరిగారో అర్థమవుతుంది.

అదే సర్వేలో ఇంకో అంకె ఉంది. తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు పెద్దాపరేషన్లు. దేశంలో ఇంతకు మించిన రాష్ట్రం లేదు. దేశ సగటు 21.5. రాష్ట్రంలో ప్రైవేటులో అది 81.5 శాతం, సర్కారులో 44.5 శాతం. ఆపరేషన్ల వాటా పది శాతం దాటాక తల్లీబిడ్డల మరణాలు ఇంకా తగ్గుతాయనడానికి ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. సమయానికి చేసిన ఆపరేషన్ ప్రాణం పోస్తుంది, దాన్ని ఎవరూ కాదనరు. అవసరం లేని కోత మాత్రం తల్లికి రక్తహీనతను, నొప్పిని మిగిల్చి, మరుసటి కాన్పునూ కష్టం చేస్తుంది. తెలంగాణలో పుట్టిన గంటలోపు తల్లిపాలు తాగిన బిడ్డలు నూటికి 37 మందే. మత్తు దిగని తల్లి, పక్క గదిలో బిడ్డ, ముర్రుపాలు మంచివి కావని నమ్మే పెద్దలు ఉంటే గంట ఎలా సరిపోతుంది?

ఇన్ని కోతలకు కారణాలు వెతికితే ముహూర్తం చూసి కాన్పు చేయించే కుటుంబాలు కనిపిస్తాయి, సహజ కాన్పు కోసం పూటంతా కాచుకునే తీరిక లేని ఆసుపత్రులు కనిపిస్తాయి. వాటన్నిటి కింద భయం ఉంది. తెలియని గదిలో, తెలియని మనుషుల మధ్య, వెల్లకిలా పడుకోబెట్టి, కాస్త అరిస్తే కసురుకునే చోట ఏ ఆడపిల్లయినా ‘కోసి తీసేయండి’ అనే అంటుంది. ఇంట్లో కాన్పు నాడు ఆమె పక్కన మనిషి ఉండేది. దవాఖానలో మందు ఉంది, రక్తం ఉంది, థియేటర్ ఉంది, ఆ మనిషి లేదు.

ఈ లోటును ముందుగా గుర్తించి పనిలోకి దిగింది హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ ఆసుపత్రి. 1948లో లూర్డ్స్ ఫెర్నాండెజ్ బొగ్గులకుంటలో చిన్నగా మొదలుపెట్టిన ప్రసూతి ఆసుపత్రి అది. ఆమె కూతురు డాక్టర్ ఎవిటా ఫెర్నాండెజ్ 2011లో అక్కడ మిడ్‌వైఫ్‌ల శిక్షణ ప్రారంభించారు. బ్రిటన్‌లో సహజ కాన్పులు ఎక్కువగా మిడ్‌వైఫ్‌ల చేతుల మీదే జరుగుతాయి. డాక్టరు అవసరమైనప్పుడే వస్తారు. స్వీడన్ పంతొమ్మిదో శతాబ్దంలోనే ఊరూరా శిక్షణ పొందిన మిడ్‌వైఫ్‌లను పెట్టి తల్లుల చావులను బాగా తగ్గించింది. ఆ దారినే రాష్ట్ర ప్రభుత్వం, యునిసెఫ్, ఫెర్నాండెజ్ ఫౌండేషన్ కలిసి 2017లో కరీంనగర్ ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సులకు పద్దెనిమిది నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టాయి. మరుసటి ఏడాది డిసెంబర్‌లో కేంద్రం దేశం మొత్తానికి మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు విడుదల చేసింది. తర్వాతి ఏళ్లలో తెలంగాణ సర్కారు ఆసుపత్రుల్లో ఇలా తయారైన మిడ్‌వైఫ్‌లు రెండు వందలు దాటారు.

మిడ్‌వైఫ్ చేసే పనిని దగ్గరగా చూస్తే మంత్రసాని ఓపికా నర్సు చదువూ ఒక్క చోట కలిసి కనిపిస్తాయి. గర్భిణిని నడిపిస్తుంది, పెద్ద బంతి మీద కూర్చోబెట్టి ఊగమంటుంది, నడుం నొక్కుతుంది, గొంతు కూర్చుని కంటానంటే సరేనంటుంది. మరోవైపు బిడ్డ గుండె చప్పుడు, నొప్పుల తీరు, గర్భాశయ ముఖం తెరుచుకున్న కొలత ఎప్పటికప్పుడు పార్టోగ్రాఫ్ మీద గీస్తుంది. గీత దారి తప్పితే వెంటనే డాక్టరును పిలుస్తుంది. బిడ్డ పుట్టగానే బొడ్డు హడావుడిగా కోయదు. తల్లి గుండెల మీద వేసి, మొదటి గంటలోనే పాలు పట్టిస్తుంది. బీపీ పెరిగినవారు, అంతకుముందు ఆపరేషన్ అయినవారు డాక్టరు చూపులోనే ఉంటారు. ఎవరిని తాను చూడాలో, ఎవరిని పంపాలో తెలియడమే ఆ చదువులో ముఖ్యమైన పాఠం.

ఈ పని అవసరం జనగామ నుంచి భూపాలపల్లి దాకా ఒక్కో చోట ఒక్కో తీరుగా ఉంది. జనగామ హైదరాబాద్ రోడ్డు మీదే ఉంది. అక్కడ చంపక్ హిల్స్ మాతా శిశు కేంద్రం ఉన్నా, ప్రైవేటు నర్సింగ్ హోముల పిలుపూ దగ్గరే. మహబూబాబాద్‌లో జనాభాలో మూడో వంతుకు పైగా గిరిజనులు. లంబాడీ తండాలు, గంగారం, కొత్తగూడ మండలాల కోయ గూడేలు ఉన్నాయి. భూపాలపల్లిలో ఒకవైపు బొగ్గు గనుల పట్టణం, మరోవైపు గోదావరి ఒడ్డున పలిమెల లాంటి మారుమూల మండలాలు. అక్కడి గర్భిణికి నెత్తురు తక్కువ కావడమే మొదటి గండం. అంగన్‌వాడీలో ఆరోగ్యలక్ష్మి భోజనం, గుడ్డు, పాలు 2015 నుంచి అందుతున్నాయి. 2022 డిసెంబర్‌లో న్యూట్రిషన్ కిట్‌ను తొలుత ప్రారంభించిన తొమ్మిది జిల్లాల్లో భూపాలపల్లి ఒకటి. ఖర్జూరం, నెయ్యి, పోషకాల పొడి, ఐరన్ సిరప్ అందులో పెట్టారు.

కాన్పు తర్వాతి రోజులు ఇంకా ముఖ్యం. మూడో రోజు, ఏడో రోజు, పద్నాలుగు, ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది, నలభై రెండో రోజు ఆశా ఇంటికి వచ్చి బిడ్డ బరువు, వేడి, బొడ్డు, తల్లి రక్తస్రావం చూడాలి. పథ్యమంటూ బాలింతకు నీళ్లు, కూరలు తగ్గించే ఇళ్లలో కోడలి తరఫున అత్తకు నచ్చజెప్పేది కూడా ఆమే. తండ్రికి మాత్రం ఇంకా ఎవరూ ఏమీ నేర్పడం లేదు. కాన్పు గదిలో తోడుగా ఒకరిని అనుమతించవచ్చని కేంద్రం 2016లోనే చెప్పింది. మరుగు ఉన్న చోట భర్త కూడా ఉండొచ్చు. వరసగా మంచాలు వేసిన గదుల్లో ఆ మరుగు ఎక్కడ దొరుకుతుంది?

ఇప్పుడు మూడు జిల్లాలకూ ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. మహబూబాబాద్‌లో 2022 నవంబర్‌లో, జనగామ, భూపాలపల్లిలో 2023 సెప్టెంబర్‌లో తరగతులు మొదలయ్యాయి. బోధనాసుపత్రి అంటే నిపుణులు, రక్తనిధి, థియేటర్ ఇరవై నాలుగు గంటలూ అందుబాటులో ఉంటాయన్న భరోసా. ఆ భరోసా వెనక ఉంటేనే మిడ్‌వైఫ్ ధైర్యంగా సహజ కాన్పు కోసం ఎదురుచూడగలదు. అందుకే ఈ మూడు ఆసుపత్రుల్లో మిడ్‌వైఫ్ నడిపే కాన్పు విభాగాలు పక్కాగా ఏర్పడాలి. శిక్షణ పొందిన మిడ్‌వైఫ్‌ను కొరత పేరుతో మరో వార్డుకు మార్చకూడదు. ఆమెకు సొంత హోదా, పదోన్నతి ఉండాలి. ఒక్కో గర్భిణికి పరదాతో విడి చోటు, పక్కన తల్లో అత్తో భర్తో కూర్చోవడానికి ఒక కుర్చీ ఉండాలి. గూడేల నుంచి వచ్చేవారితో కోయలో, లంబాడీలో మాట్లాడగల అమ్మాయిలను నర్సింగ్‌లో చేర్చుకుని, మిడ్‌వైఫరీ వైపు తీసుకురావాలి. వీటిలో చాలావాటికి కొత్త భవనాలు అక్కర్లేదు, ఉన్న మనుషులకు గౌరవం, సమయం ఇస్తే సగం పని అయిపోతుంది.