అశ్మరీచికిత్స – నాఁడు, నేఁడు

వైద్యగ్రంథములు ‘అశ్మరి’ యనియు, జనులు ‘మూత్రములో రాయి’ యనియుఁ జెప్పు రోగము మిక్కిలి ప్రాచీనమైనది. సుశ్రుతసంహితలోని చికిత్సాస్థానమున దీనికొక యధ్యాయమే కలదు. నేను వైద్యుఁడను గాను. సంస్కృతము చెప్పుకొని బ్రదికినవాఁడను. ఆ యధ్యాయమును మొదట చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మందులకు లొంగని రాయి మూత్రాశయమున నున్నచోఁ గోయకున్న మరణము నిశ్చయము. కోసినను బ్రదుకు సందేహమే. కావున ప్రభువు ననుమతి గైకొని పనికిఁ బూనవలెనని సుశ్రుతుఁడు వైద్యునకు విధించెను. సీవనికి ఎడమప్రక్క యవగింజంత యెడము విడిచి కోయవలెను. రాయి పగులకుండ, పొడి గాకుండఁ దీయవలెను. ఏలయన లోపల మిగిలిన యించుక చూర్ణమే మరల రాయిగాఁ బెరుఁగును.

మత్తుమందు లేని కాలమున ఐరోపాలోను ఇదే భయము. 1658లో లండను నగరమున శామ్యూల్ పీప్స్ ఇట్టి కోఁతనుండి బ్రదికి బయటపడి, ఏటేట ఆ దినమును పండుగగా జరుపుకొన నిశ్చయించెను.

1824లో పారిసు నగరమున సివియాల్ అను వైద్యుఁడు దేహమును గోయక, మూత్రమార్గమున సన్నని యంత్రమును జొనిపి, మూత్రాశయములోనే రాతిని నలుగఁగొట్టెను. పగులనీయరాదన్న పూర్వసూత్రము నాఁడు తలక్రిందయ్యెను.

మూత్రపిండము లోతున నుండుటచే అందలి రాతిని చిరకాలము ప్రక్కను గోసియే తీయుచుండిరి. 1976లో స్వీడను వైద్యులు ఫెర్న్‌స్ట్రోమ్, యోహాన్సనులు వీపునందలి చిన్న రంధ్రము గుండ రాళ్ళను దీసిన విధమును బ్రకటించిరి. 1980 ఫిబ్రవరి 7వ తేదీన మ్యూనిక్ నగరమున క్రిస్టియన్ షోసీ బృందము, ఆ రంధ్రమైనను లేక, నీటితొట్టిలో నుంచిన రోగిపై ఘాతతరంగములను గుఱిపెట్టి మూత్రపిండములోని రాతిని ముక్కలు చేసెను. తరువాత సన్నని దర్శినియు లేసరు కిరణమును మూత్రమార్గముననే లోనికిఁ బోవ నేర్చినవి.

అయిన సుశ్రుతుని మాట పొల్లుపోయినదా? పోలేదు. నేఁటి వైద్యులును చికిత్సానంతరము చిత్రములు తీసి, ముక్క యేదైన మిగిలెనేమోయని వెదకుదురు. మిగిలినది మరల పెరుఁగుట నేఁటికిని సత్యమే.

కోఁతకు వెఱచి నొప్పిని దాఁచుకొనువారు ఇంకను గలరు. దారికి అడ్డుపడిన రాయి, నొప్పి తగ్గినను, మెల్లమెల్లగా మూత్రపిండమునే చెఱుపఁగలదు. కావున ఆలసింపవలదని నా మనవి. నాఁడు వైద్యుఁడు ప్రభువు ననుమతి యడిగెను. నేఁడు రోగినే యడుగుచున్నాఁడు. సమయము మించకమునుపే మనము బదులు చెప్పవలెను.