తునికాకు కట్ట దగ్గర

చర్ల మండలం అడవి. మే నెల. ఎండ ముదరకముందే తునికాకు కోసుకోవాలని చీకటితోనే వచ్చావు. భుజాన ఆకుల మూట, ముందర గుట్ట. అల్లుడు చకచకా ఎక్కేస్తున్నాడు. నువ్వు సగం ఎక్కేసరికి రొమ్ము మధ్యలో అదే బరువు. పోటు కాదు, రాయి పెట్టి అదిమినట్టు. ఎడమ చెయ్యి లాగుతోంది. దవడ దాకా పాకుతోంది.

ఆగి మూట దించుతావు. రెండు మూడు నిమిషాల్లో బరువు దిగిపోతుంది.

మొదట్లో గ్యాసనుకుని సోడాలు తాగావు. భద్రాచలంలో డాక్టరమ్మ చెప్పాకే దీని పేరు తెలిసింది, ఆంజైనా అని. గుండెకు రక్తం తెచ్చే నాళాల్లో కొవ్వు పేరుకుంది, పూడిక పడ్డ కాలవలాగా. ఊరికే కూర్చుంటే పారేది సరిపోతుంది, గుట్ట ఎక్కితే చాలదు. పొద్దున వేసుకున్న మెటోప్రొలాల్ గుండె వేగం తగ్గించి, ఉన్న రక్తంతోనే నెట్టుకొచ్చేలా చేస్తుంది. అటోర్వాస్టాటిన్ పూడిక పెరగకుండా చూస్తుంది. ఆస్పిరిన్ రక్తం గడ్డకట్టకుండా కాస్తుంది. జేబులో ఉన్న సార్బిట్రేట్ నొప్పి వచ్చినప్పుడు వేసుకోవడానికి. అది రాసేముందు ఆమె మొహమాటపడకుండా అడిగింది: "మగతనం మాత్రలేమైనా వాడుతున్నావా?" రెండూ కలిస్తే బీపీ ప్రాణం మీదికొచ్చేంతగా పడిపోతుందట. అడిగి మంచిపని చేసింది.

ఎనిమిది దాటింది. చెట్టు నీడన కూర్చుని కట్టలు కడుతున్నావు. కట్టకి 50 ఆకులు. ముప్పై ఆరు. ముప్పై ఏడు.

మళ్లీ బరువు.

గుట్ట లేదు. మూట లేదు. కూర్చునే ఉన్నావు. అయినా వచ్చింది. ఒళ్లంతా చల్లటి చెమట.

"ఏమైంది మామా?"

రోడ్డు దాకా నడుద్దామా? ఇక్కడ ఫోను అందదు. వద్దు. నడిస్తే గుండె ఇంకా రక్తం అడుగుతుంది. కూర్చున్నచోట వచ్చే నొప్పి వేరు, సన్నబడ్డ నాళంలో గడ్డ అడ్డుపడి ఉండొచ్చు. దీన్ని ఓర్చుకోకూడదు.

"గుట్టెక్కి 108కి ఫోన్ చెయ్యిరా. ఉరుకు!"

జేబు. మాత్రల రేకు. వేళ్లు వణుకుతున్నాయి. మింగకు. నాలుక కింద పెట్టు. లేవకు. బీపీ తగ్గి పడిపోతావు. చెట్టుకి ఆనుకో. టైం చూడు. 8:10.

కరుగుతోంది. మొహం వేడెక్కుతోంది. తల దిమ్మంటోంది. భయపడకు, నాళాలు వదులయ్యేటప్పుడు ఇలాగే ఉంటుంది. 1847లో ఇటలీలో సొబ్రేరో నైట్రోగ్లిజరిన్ తయారుచేసి, కాస్త నాలుకకి తగిలించుకుంటే ఇదే తలనొప్పి వచ్చింది. నోబెల్ దాన్ని డైనమైటులో పెట్టాడు. 1879లో లండన్ డాక్టరు మరెల్ గుండెనొప్పికి వాడి చూపించాడు. నీ నాలుక కిందిది ఆ కుటుంబం మందే.

8:15. తగ్గలేదు.

పక్కన ఆకు కోసేవాళ్లు నులక మంచం తెచ్చారు. నడుస్తానంటావు. ఒప్పుకోరు. నలుగురు ఎత్తుకుంటారు. ఆకుల సందులోంచి ఎండ. ఊపిరి. బరువు. ఊపిరి.

తారురోడ్డు. 108. లోపలి కుర్రాడు ఆస్పిరిన్ ఇస్తాడు. "మింగకు పెద్దాయనా, నమలు." చేదు. ఛాతీకి వైర్లు అంటిస్తున్నాడు.

"నొప్పి ఎప్పుడు మొదలైంది?"

"ఎనిమిదీ పదికి," అంటావు. "కూర్చునే ఉన్నా."

వాడు తలెత్తి డ్రైవరు వైపు చూస్తాడు. బండి భద్రాచలం వైపు కదులుతుంది.