పెద్దిల్లు మనకు నేర్పిన చరిత్ర



చింతపల్లి అనగానే మీకు ముందు గుర్తొచ్చేది 1922 ఆగస్టు 22. ఆ రోజు అల్లూరి సీతారామరాజు మన్యం వీరులతో వచ్చి ఇక్కడి పోలీస్ స్టేషన్‌లోని తుపాకులు పట్టుకుపోయారు. మరునాడు కృష్ణదేవిపేట, ఆ మరునాడు రాజవొమ్మంగి. ఈ తేదీలు మీరు పరీక్షల్లో రాస్తూనే ఉన్నారు. ఆ వీరులు ఏ ఇళ్ళ నుంచి వచ్చారో, ఆ ఇళ్ళు ఎలా నడిచేవో పుస్తకాల్లో తక్కువ. మేము చెప్పదలచింది అదే.

మా చిన్నప్పుడు మా ఇంట్లో తాత, మామ్మ, పెదనాన్నలు, చిన్నాన్నలు, వాళ్ళ పిల్లలు కలిపి పందొమ్మిది మందిమి. కోడి కూయకముందే మామ్మ పొయ్యి రాజేసేది. పెద్ద కుండలో చోడి అంబలి కాగేది. ఒకరు నీళ్ళకి, ఒకరు కట్టెలకి, ఒకరు పశువుల వెంట. పిల్లలకీ పని ఉండేది. కొండపోడులో సామలు, కొర్రలు వెన్ను తీసే వేళ మంచె ఎక్కి పిట్టలు తోలేవాళ్ళం. చెట్లు నరకడం మగవాళ్ళది, విత్తడం, కలుపు తీయడం ఆడవాళ్ళది, రాత్రి కాపలా ముసలివాళ్ళది. విత్తనం మాత్రం మామ్మ చేతిలోనే. ఎంత ఆకలి వేసినా ఆ బుర్రలో చెయ్యి పెట్టేవాళ్ళు లేరు.

అంటే పోడు ఒక్క మనిషి చేసే సేద్యం కాదు, ఇంటిల్లిపాదిదీ. 1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత అడవులను రిజర్వు చేసి పోడుకి అడ్డుపడినప్పుడు ఆగిపోయింది పంట ఒక్కటే కాదు, ఇంట్లో ప్రతి మనిషికీ ఉన్న చోటు. దానికి తోడు నర్సీపట్నం నుంచి చింతపల్లికి ఘాట్ రోడ్డు పని. కూలి సరిగ్గా ఇవ్వకుండా చాకిరీ చేయించుకున్నారు. పనిచేసే చేతులు రోడ్డు మీద ఉంటే పొయ్యి మీదికి ఏం వస్తుంది? తిరుగుబాటు మూలం అక్కడుంది. బట్టిపనుకుల మునసబు పదవి పోగొట్టుకున్న గాం గంటందొర, ఆయన తమ్ముడు మల్లుదొర ఒకే ఇంటి నుంచి కలిసి వచ్చారు. గంటందొర 1924లో పోరాటంలోనే ప్రాణాలిచ్చారు. మల్లుదొర జైలుశిక్ష అనుభవించి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు.

మన ఇల్లు గోడలతో ఆగదు. కిల్లో అంటే పులి, కొర్ర అంటే సూర్యుడు, గొల్లోరి అంటే కోతి, పాంగి అంటే గద్ద, వంతల అంటే పాము. ఒకే వంశం వాళ్ళు ఏ కొండ మీదున్నా అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు. వాళ్ళ మధ్య పెళ్ళి కుదరదు. ఆకలితో వెళ్తే అంబలి దొరుకుతుంది.

ఆ ఇంటికి క్యాలెండర్ కొత్తల పండుగలే. మామిడి కొత్త, సామ కొత్త, కొర్ర కొత్త, చిక్కుడు కొత్త. దేవతకీ, పెద్దలకీ పెట్టకుండా కొత్త పంట నోట పెట్టకూడదు. ఇందులో భక్తితో పాటు లెక్క కూడా ఉందని మాకు తోస్తుంది. లేత కాయలు అందరూ కోసేస్తే పండు మిగలదు, టెంక ముదరదు. వానాకాలం తిండి చాలని రోజుల్లో మామిడి టెంక అంబలే ఎన్నో ఇళ్ళను బతికించింది.

గత ఏడాది మా హాస్టల్లో ఒక ఎనిమిదో తరగతి అమ్మాయి మామిడికాయ ముక్క పక్కన పెట్టేసింది. "మా ఊళ్ళో ఇంకా కొత్త అవలేదు మేడమ్" అంది. చుట్టూ ఉన్న పిల్లలు నవ్వారు. నవ్వినవాళ్ళందరూ మన పిల్లలే. వాళ్ళను కోప్పడబోయి ఆగాం. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇలాగే ఒక పిల్ల అంటే, "మూఢనమ్మకం, తిను" అన్నది మేమే. శిక్షణలో అలాగే నేర్చుకున్నాం. ఆ పిల్ల తలొంచుకుని తింది. ఆ ముఖం ఇప్పటికీ గుర్తుంది.

పాతదంతా మంచిదని అనం. పెద్దింట్లో ఆడవాళ్ళు చివర మిగిలింది తినేవాళ్ళు. చదువుకోవాల్సిన వయసులో ఆడపిల్లకి పెళ్ళి చేసేవారు. అప్పు తీరేదాకా ఇంటి మనిషిని గొత్తికి పెట్టిన రోజులున్నాయి. అవి పోయినందుకు సంతోషం. హాస్టలూ ఒక పెద్దిల్లే. పెద్దపిల్ల చిన్నపిల్లకి జడ వేస్తుంది, జ్వరం వస్తే పక్కన కూర్చుంటుంది. కానీ మామ్మ దగ్గర నేర్చుకోవాల్సింది మేము నేర్పలేం. ఐదేళ్ళకే హాస్టల్‌కి వచ్చిన పిల్లలు పండుగలకి చుట్టాల్లా వెళ్ళి వస్తున్నారు. ముసలివాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు.

అందుకే ఒక్క పని అడుగుతున్నాం. ఈ ఇటుకల పండుగకి ఇంటికెళ్ళినప్పుడు ఫోను పక్కన పెట్టి తాత దగ్గర, మామ్మ దగ్గర కూర్చోండి. మన వంశం ఏది, ఏ ఊరి నుంచి వచ్చాం, మన పోడు కొండల పేర్లేమిటి, 1969లో ముఠాలు రద్దు కాకముందు ముఠాదారుకి ఏం ఇచ్చేవాళ్ళం, ఏ కొత్త ఎప్పుడు చేస్తాం అని అడగండి. వాళ్ళ మాటల్లోనే రాసుకోండి.

ఆ అమ్మాయి సెలవుల తర్వాత నోటుబుక్కుతో వచ్చింది. నాలుగు పేజీలు నిండాయి. మొదటి పేజీలో వాళ్ళ మామ్మ పేరు రాసుకుంది.