సీడీలో ఫైలు దొరికేదెలా?

సీడీ పుట్టింది పాటల కోసం. ఫిలిప్స్, సోనీ కలిసి రూపొందించిన ఈ 12 సెంటీమీటర్ల డిస్క్ 1982 అక్టోబరులో జపాన్‌లో అమ్మకానికి వచ్చింది. దాని ప్లాస్టిక్ మీద లోపలి నుంచి అంచు దాకా చుట్లు తిరుగుతూ పోయే జాడ ఒకటే ఉంటుంది. విప్పి పరిస్తే ఐదు కిలోమీటర్లు దాటుతుంది.

ఆ జాడ నిండా కంటికానని గుంటలు. గుంటంటే 1, చదునంటే 0 అని చాలామంది అనుకుంటారు. నిజానికి గుంట మొదలయ్యేచోట, ముగిసేచోట తిరిగొచ్చే లేజర్ వెలుతురు మారుతుంది. ఆ మార్పే 1. మార్పు లేకుండా సాగినంత మేరా 0లే.

పాటలో ఒక ముక్క చెడితే అటూ ఇటూ ఉన్న శబ్దాన్ని బట్టి ప్లేయర్ సర్దేస్తుంది. లెక్కల ఫైలులో ఒక్క అంకె చెడినా సర్దడానికి వీల్లేదు. అందుకే 1983లో కంప్యూటర్ల కోసం రాసిన ‘యెల్లో బుక్’ ప్రమాణం జాడను 2352 బైట్ల సెక్టార్లుగా కోసింది. అందులో మన సమాచారానికి 2048 బైట్లు, తప్పులు దిద్దడానికి 276. ముచ్చటేమిటంటే, సెక్టార్ చిరునామా ఇప్పటికీ నిమిషాలు, సెకన్లలోనే ఉంటుంది. సెకనుకు 75 సెక్టార్లు. పాటల గడియారం అలాగే మిగిలిపోయింది.

ఇంతా చేసి, ఫైళ్లను ఎలా అమర్చాలో యెల్లో బుక్ చెప్పలేదు. ఎవరి పద్ధతి వారిది కావడంతో ఒకరి డిస్క్ మరొకరి కంప్యూటర్లో తెరుచుకునేది కాదు. 1985లో కంపెనీల ప్రతినిధులు అమెరికాలోని టాహో సరస్సు దగ్గర హై సియెర్రా అనే హోటల్లో కూర్చున్నారు. వారి ఒప్పందమే కొద్ది మార్పులతో 1988లో ఐఎస్ఓ 9660 అయింది. నా దృష్టిలో సీడీ చరిత్రలో లేజర్ కన్నా గొప్ప ఘట్టం ఇదే.

ఈ ప్రమాణంలో మొదటి 16 సెక్టార్లను (0 నుంచి 15 దాకా) వదిలేసి, 16వ నంబరు సెక్టారులో ‘CD001’ అనే గుర్తు పెట్టారు. కంప్యూటర్ ముందు వెతికేది దాన్నే. అక్కడే మూల డైరెక్టరీ (ఫోల్డర్) ఆచూకీ ఉంటుంది. డైరెక్టరీలో ప్రతి ఫైలు పేరు, మొదలయ్యే సెక్టార్, పొడవు ఉంటాయి. లేజర్ అటూ ఇటూ జరగడానికి సమయం పడుతుంది కనుక ఫోల్డర్లన్నిటి జాబితానూ విడిగా ఒకేచోట రాశారు. ఇంటెల్ చిప్‌లు సంఖ్యలోని బైట్లను ఒక వరసలో చదివితే మోటరోలావి దానికి ఎదురు వరసలో చదివేవి. ఎవరినీ తగ్గమనకుండా ముఖ్యమైన సంఖ్యలను రెండు వరసల్లోనూ రాశారు. కాసిని బైట్లు వృథా అయినా ఎంత పెద్దమనసు!

ఒక్క లోటు, పేర్లు. కనీస స్థాయిలో ఎనిమిది ఇంగ్లిష్ అక్షరాలు, చుక్క తర్వాత మూడు. మైక్రోసాఫ్ట్ తెచ్చిన జోలియెట్ పద్ధతి యూనికోడ్‌ను చేర్చాక ఫైలుకు తెలుగులోనూ పేరు పెట్టే వీలు కలిగింది.

ఇప్పుడు చాలా లాప్‌టాప్‌లకు డిస్క్ డ్రైవే లేదు. అయినా లినక్స్ కోసం దించుకునే ఐఎస్ఓ ఫైలులోని బైట్లను చూడండి, 16వ నంబరు సెక్టారులో ‘CD001’ కనిపిస్తుంది.