మోటుపల్లి సుంకాల పట్టీలో మధ్యధరా పగడం

కాకతీయుల రాజధాని ఓరుగల్లు సముద్రానికి చాలా దూరాన, తెలంగాణ పీఠభూమి మీద, గుట్టల నడుమ వెలసిన నగరమే అయినా, పదమూడో శతాబ్దం ముగిసేనాటికి ఆ రాజ్యం గురించిన మాట ఇటలీలోని ఓడరేవుల దాకా వెళ్లింది. అందుకు దారి చూపింది నేటి బాపట్ల జిల్లా చినగంజాం మండలంలోని మోటుపల్లి రేవు. వేసవి సెలవుల్లో వెనిస్ కాలువలనూ, క్రొయేషియా తీరంలోని కోర్చులా ద్వీపాన్నీ, ఇస్ట్రియా కొండ ఊళ్లనూ చూడబోయే తెలుగువారికి ఈ పూర్వ సంబంధం తెలిసి ఉంటే, అక్కడి రాతిగోడలు పూర్తిగా పరాయివిగా తోచవు.

వెనిస్ వర్తక కుటుంబానికి చెందిన మార్కోపోలో 1271లో తండ్రితోనూ, పినతండ్రితోనూ తూర్పుదేశాలకు బయలుదేరి, చైనాలో కుబ్లాయ్ ఖాన్ కొలువులో ఏళ్ల తరబడి గడిపి, సముద్రమార్గాన తిరుగుప్రయాణమై 1295లో ఇల్లు చేరాడు. తరువాత జెనోవాలో బందీగా ఉన్నప్పుడు, 1298 ప్రాంతంలో, పీసా నగరవాసి రుస్తికెల్లోకు చెప్పి రాయించిన గ్రంథంలో ‘ముత్ఫిలి’ అనే రాజ్యం కనిపిస్తుంది. అది మోటుపల్లి పేరుతో వ్యవహరించిన కాకతీయ రాజ్యమే. భర్త మరణించాక నలభై ఏళ్లుగా రాణి న్యాయం తప్పకుండా పాలిస్తున్నదనీ, అక్కడి కొండల్లో వజ్రాలు దొరుకుతాయనీ, అక్కడ నేసే సన్నని వస్త్రాలు సాలెగూడంత పలుచన అనీ అందులో ఉంది.

ఈ కథనాన్ని ఉన్నదున్నట్టు నమ్మడానికి వీల్లేదు. ఆ రాణి, అంటే రుద్రమదేవి, అంతకుముందు రాజ్యమేలిన కాకతీయ రాజు గణపతిదేవుని కుమార్తె తప్ప భార్య కాదు. నల్లగొండ ప్రాంతంలోని చందుపట్ల శాసనం ఆమె 1289 నాటికే మరణించినట్టు తెలుపుతుండగా, పోలో ఓడలు చైనా రేవు విడిచింది 1291–92 ప్రాంతంలో. లోయల్లోకి విసిరిన మాంసపు ముక్కలకు అంటుకున్న వజ్రాలను గద్దలు పైకి తెస్తాయన్న ముచ్చట అంతకు ఎన్నో శతాబ్దాల ముందు నుంచే పశ్చిమ దేశాల్లో వ్యాపించి ఉన్నదే. అతడు మోటుపల్లిలో స్వయంగా దిగాడా, నావికుల నోట విని రాయించాడా అన్న చర్చ పండితుల్లో ఉండనే ఉంది. అయితే రాజ్యమేలుతున్నది ఒక స్త్రీ అన్న వార్తా, ఆమె న్యాయబుద్ధికి దక్కిన కీర్తీ, వజ్రాల, వస్త్రాల ఖ్యాతీ నిజమైనవి. అవి సముద్రం మీద అంత దూరం సాగాయంటే, వర్తకులు నమ్మకంతో వచ్చిపోయే రేవు ఒకటి ఉండి తీరాలి.

ఆ నమ్మకం ఎలా ఏర్పడిందో చెప్పే ఆధారం మోటుపల్లి వీరభద్రాలయంలోని స్తంభం మీద ఉంది. వెలనాటి తీరాన్ని, దివిసీమను జయించి, ఆ దివిసీమ నాయకుల ఆడపడుచులను వివాహమాడి, వారి సోదరుడు జాయపను సేనానిగా చేసుకున్న గణపతిదేవుడు, శక సంవత్సరం 1166లో, అంటే క్రీ.శ. 1244–45లో వేయించిన అభయ శాసనమిది. అభయ శాసనమంటే వర్తకుల ప్రాణానికీ ధనానికీ రాజు ఇచ్చే రక్షణ హామీ. తుపాను పాలై ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారాన్నీ, ఏనుగులనూ, గుర్రాలనూ, రత్నాలనూ పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారని ఒప్పుకుని, ప్రాణాలకు తెగించి సముద్రం దాటి వచ్చినవారి సొమ్ములో నిర్ణీత సుంకం తప్ప మరేమీ తాకబోనని గణపతిదేవుడు అందులో మాట ఇచ్చాడు. ఎగుమతి దిగుమతులపై ముప్పైకి ఒకటి చొప్పున సుంకాన్ని స్థిరపరచి, చందనం, కర్పూరం, చైనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, రాగి, సీసం, పట్టునూలు, పగడం, మిరియాలు వంటి సరుకులకు సుంకం వివరంగా చెక్కించాడు. ఇన్ని వివరాలున్న ఈ శిలాపత్రం, వర్తక చరిత్రకు సంబంధించినంత వరకు, పోలో గ్రంథంలోని ముత్ఫిలి వర్ణన కంటే ఎక్కువ విలువైనది.

ఆ పట్టీలోని పగడం దగ్గర కాస్త ఆగాలి. నాటి ప్రపంచానికి ఎర్ర పగడం ప్రధానంగా మధ్యధరా సముద్రం నుంచే వచ్చేది. రోమన్ల కాలం నుంచే భారతీయులు దాన్ని ఇష్టపడి కొనేవారు. సార్డీనియా, సిసిలీ తీరాల్లో జాలర్లు పైకి లాగిన పగడం ఈజిప్టు మీదుగా చేతులు మారుతూ తూర్పు సముద్రాలకు చేరేది. పోలో పుట్టకముందే మధ్యధరా సముద్రానికీ మోటుపల్లికీ సరుకు ద్వారా పరిచయం ఉన్నదని దీన్నిబట్టి భావించవచ్చు.

మునిగిన ఓడ సొమ్ము తీరానికి అధిపతి అయినవాడిదే అన్న ఆచారం ఐరోపాలోనూ బలంగా ఉండేది. ఓడ మునిగిన క్రైస్తవులను దోచుకునేవారిని వెలివేయాలని 1179లో రోమ్‌లోని లాటరన్ మత మహాసభ తీర్మానించింది. 1220లో చక్రవర్తి రెండో ఫ్రెడరిక్ ఆ దోపిడీని శాసనంతో నిషేధించాడు. గణపతిదేవుని శాసనం ఆ తరువాత పాతికేళ్లకు వచ్చింది. ఇద్దరు పాలకులకూ ఒకరి సంగతి ఒకరికి తెలిసే అవకాశమే లేకపోయినా, రేవు నిలవాలంటే నావికుడికి భయం తీరాలన్న ఒకే అవసరం ఇద్దరినీ నడిపించింది.

అయితే భయం తీరితేనే చాలదు, రేవు వెనుక ఉన్న నేల సంపద కూడా కావాలి. వెనిస్ ఐశ్వర్యం ఒడ్డున పుట్టింది మాత్రమే కాదని ఇస్ట్రియాలోని మోటోవున్ వంటి కొండ ఊరు చూస్తే బోధపడుతుంది. రుద్రమదేవి పాలించే కాలంలోనే, 1278లో, వెనిస్ ఏలుబడిలోకి వెళ్లిన ఆ ఊరి ప్రాకారం మీద నిలబడితే కింద మిర్నా నది లోయలోని అడవి కనిపిస్తుంది. అక్కడి సింధూర వృక్షాల కలపతో వెనిస్‌లో ఓడలు కట్టారు. కొండసీమ సంపద లేనిదే రేవుకు బతుకు లేదన్నది మోటుపల్లికీ వర్తిస్తుంది: వజ్రాలు కృష్ణాతీరపు గనుల నుంచి వస్తే, వస్త్రాలు నేతగాళ్ల ఊళ్ల నుంచి వచ్చేవి. కానీ ఆ ఐరోపా ఊళ్ల గోడలను అక్కడివారు కాపాడుకుని లోకానికి చూపుతుంటే, మోటుపల్లి స్తంభం దగ్గరకు వెళ్లే యాత్రికులు కొద్దిమందే కావడం బాధాకరం.

1323లో ఢిల్లీ సైన్యాల చేతిలో ఓరుగల్లు పతనమైంది. 1324 జనవరిలో మార్కోపోలో వెనిస్‌లో కన్నుమూశాడు. రేవు మాత్రం వెంటనే మూతపడలేదు. కొండవీటి రెడ్డిరాజు అనపోతారెడ్డి 1358లో అదే మోటుపల్లిలో మరో శాసనం వేయించి, గణపతిదేవుని బాటలోనే సముద్ర వర్తకులకు తిరిగి హామీ ఇచ్చాడు.