ఆకాశ్ పలకయు తెలుగక్షరములును

హైదరాబాదు నుండి బెంగుళూరు పోవు రాజమార్గముమీద శంషాబాదు అను ఊరు కలదు. ఆ ఊరిని పూర్వమెరిగినవారికి ద్రాక్షతోటలు, ఉందానగరు రైలు స్టేషను, అమ్మపల్లి రామాలయము జ్ఞప్తికి వచ్చును. 2008వ సంవత్సరము మార్చి నెలలో బేగంపేట నుండి విమానములు ఇచ్చటికి తరలివచ్చెను. సుమారు 5,500 ఎకరముల నేల విమానాశ్రయము క్రిందికి పోయినది. ఆ నేలతో ముడిపడిన సుఖదుఃఖములు వేరొక ప్రసంగమునకు తగినవి. ఈ పూట నేను చెప్పదలచినది ఒక చిన్న పలక కథ.

2016లో ఆ విమానాశ్రయ ప్రాంతమున డేటావిండ్ అను కంపెనీ యొక కర్మాగారమును తెరచెను. ఇంగ్లీషున టాబ్లెట్ అని పిలుచు పలకలను అచ్చట కూర్చుట వారి సంకల్పము. బలపము లేదు, వ్రేలే బలపము. ఆ కంపెనీకి హైదరాబాదు క్రొత్త కాదు. అంతకు ఐదేండ్లకు పూర్వము దేశమంతట పేరు మ్రోగిన ‘ఆకాశ్’ అను పలక వారిదే. దానిని మొదట కూర్చినది హైదరాబాదులోనే. 2011 అక్టోబరు 5వ తేదీన ఢిల్లీలో నాటి కేంద్రమంత్రి కపిల్ సిబల్ దానిని దేశమునకు చూపెను. ప్రభుత్వము దానికి కట్టిన వెల సుమారు 2,276 రూపాయలు. బీద విద్యార్థి చేతికి పలక వచ్చుచున్నదని ఎల్లరును సంతసించిరి. సంతసింపదగిన సంగతియే. కాని తెలుగునాట కూర్చబడిన ఆ పలకను నడపు వ్యవస్థకు తెలుగు రాదు! తెలుగులో వ్రాసిన జాబు దానిలోనికి వచ్చినచో అక్షరములకు బదులు వరుసగా డబ్బాలు కానవచ్చును. ఇది ఎట్లు సంభవించెనో తెలియవలెనన్న కొంత వెనుకకు పోవలెను.

మన తెలంగాణమున చెరువుల క్రింద నీరటి యనువాడు ఉండుట పెద్దలెరుగుదురు. చెరువు ఒక్కటి, పొలములు పెక్కు. ఎవరి మడికి ఎప్పుడు, ఎంత నీరు విడువవలెనో నీరటి చూచును. కంప్యూటరులో లెక్కలు చేయు భాగమును ప్రాసెసరు అందురు. అది చెరువు వంటిది. ఒకేసారి పని చేయించుకొనగోరు ప్రోగ్రాములు పొలముల వంటివి. వంతులు తప్పకుండ నడపు నీరటియే ఆపరేటింగ్ సిస్టము. అయితే ఒకరి మడిలోని నీరు వేరొకరి మడిలోనికి పొర్లకుండ గట్లు కావలెను గదా! ఆ గట్లు నీరటి వేయునవి కావు. యంత్రములోనే పుట్టుకతో ఉండవలెను. అందుచేత ప్రతి ఆపరేటింగ్ సిస్టమును యంత్రమును చూచి కొన్ని కోరికలు కోరును: ఇంత చోటు, ఇంత వేగము, ఇట్టి గట్లు.

ఇది గాక వేరొక చిక్కు కలదు. తెర, మీటలు, అచ్చువేయు యంత్రము మొదలగు పరికరములు ఒక్కొక్కటి ఒక్కొక్క భాష మాటలాడును. నీరటికిని వానికిని నడుమ దుబాసి కావలెను. ఆ దుబాసిని డ్రైవరు అందురు. దుబాసి దొరకని పరికరము ఎంత వెల పెట్టి కొన్నను మూగదియే. ఆపరేటింగ్ సిస్టములను చేయువారు ‘మా వ్యవస్థ ఈ ఈ పరికరములమీద నడచును’ అని పట్టికలు ప్రకటించుట ఇందుకొరకే.

ఇప్పుడు నేను చెప్పు వ్యవస్థల వంశమునకు మూలపురుషుడు యునిక్స్. 1969లో అమెరికా దేశమున బెల్ పరిశోధనాలయములో కెన్ థాంప్సన్ అను ఆయన, ఎవరును అంతగా వాడక విడిచిన పీడీపీ-7 అను యంత్రముమీద దానిని మొదలిడెను. డెన్నిస్ రిచీ ఆయనతో చేయి కలిపెను. కొలదికాలమునకే వారికి పీడీపీ-11 అను క్రొత్త యంత్రము చిక్కెను. దాని జ్ఞాపకపు చోటు 24 కిలోబైట్లు. ఒక బైటు అనగా ఒక ఇంగ్లీషు అక్షరము పట్టు చోటని తలపుడు. అనగా ఇంచుమించు 24 వేల అక్షరములు. బడిపిల్లవాని వాచకము పాటిది. అందులో 16 కిలోబైట్లు యునిక్స్ తనకు ఉంచుకొని, తక్కిన 8 కిలోబైట్లు వాడుకవారికి విడిచెను. ఇంత కొంచెముతో సంసారము చేసిన వ్యవస్థ అది. మన ఇండ్లలో పెద్దతరము ఆడువారు నెల జీతమును సర్దుకొని గడపిన తీరు నాకు జ్ఞప్తికి వచ్చుచున్నది.

అదే 1969లో మన దేశమున టీడీసీ-12 అను కంప్యూటరు వెలువడెను. దానిని అమ్మకమునకు చేసినది హైదరాబాదులోని ఈసీఐఎల్. 1967లో ఆ సంస్థను నెలకొల్పిన అయ్యగారి సాంబశివరావు పశ్చిమగోదావరి జిల్లా మోగల్లు గ్రామమువారు, నగరములోని ఏ.ఎస్. రావు నగర్ వారి పేరనే వెలసినది. యంత్రము మారిన వ్యవస్థయు మారిపోవుట ఆనాటి లోకరీతి. ఒక కంపెనీ యంత్రమునకు వ్రాసినది వేరొక కంపెనీ యంత్రమునకు పనికిరాదు. యునిక్స్ ఈ కట్టుబాటును తెంచెను. 1973లో దానిని ‘సీ’ అను భాషలో తిరుగ వ్రాసిరి. 1977లో ఇంటర్‌డేటా అను వేరొక జాతి యంత్రముమీదికి దానిని తరలించిరి. నీరటి ఒక చెరువునకు కట్టుబడినవాడు గాక, ఏ చెరువు క్రిందనైనను పని చేయగలవాడాయెను. 1980 దశకమున మన దేశపు కంపెనీలును మోటరోలా ప్రాసెసర్లతో యునిక్స్ యంత్రములను చేసెను. 1984 నాటి రంగరాజన్ సంఘపు నివేదిక పిమ్మట బ్యాంకులలో జమాఖర్చుల కొరకు అట్టి యంత్రములు ప్రవేశించెను.

యునిక్స్ వంటిదే గాని అందులోని ఒక్క పంక్తియైనను ఎత్తివ్రాయని వ్యవస్థ 1991లో ఫిన్లండు దేశమున పుట్టెను. హెల్సింకి విశ్వవిద్యాలయపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ తన ఇంట నున్న 386 రకపు కంప్యూటరుమీద దానిని వ్రాసెను. అతనిది 4 మెగాబైట్ల యంత్రము. పీడీపీ-11 చోటుకంటె నూటడెబ్బది రెట్లు అధికము. 386 ప్రాసెసరులో నేను ముందు చెప్పిన గట్లు ఉన్నవి. చవుక యంత్రములలో అట్టివి ఉండుట నాడు క్రొత్త. తన వ్యవస్థ ఈ జాతి యంత్రముమీద తప్ప నడవదనియు, తన యింట ఉన్న రకపు హార్డుడిస్కును తప్ప వేరొకదానిని ఎరుగదనియు ఆయనయే వినయముతో ప్రకటించెను. అది జరగలేదు. ప్రపంచమున ఎవరి యంత్రమునకు వారు దుబాసులను వ్రాసి పంపిరి. 1995 నాటికి అన్యజాతి ప్రాసెసర్లమీదను లైనక్స్ నడచెను. విచిత్రమేమన, అది పుట్టుటకు ఆధారమైన ఆ 386నే 2013లో వెలువడిన కూర్పునుండి తొలగించిరి. తల్లివేరును కోసికొనిన చెట్టు వలె ఉన్నది గదా ఈ ముచ్చట!

మనకు సంబంధించిన మరొక ముచ్చటయు 1991లోనే జరిగినది. లోకములోని లిపులన్నింటికి ఒక్కొక్క అక్షరమునకు ఒక్కొక్క సంఖ్య నిచ్చు యూనికోడ్ యొక్క మొదటి కూర్పు ఆ యేటనే వెలువడెను. అందు తెలుగునకు చోటు దొరికెను. సంఖ్య దొరికిన మాత్రమున అక్షరము తెరమీదికి రాదు. గుణింతములను, వత్తులను కూర్చి చూపు యుక్తి వ్యవస్థలో ఉండవలెను. అక్షరరూపములుగల ఫాంటు ఉండవలెను. ఇవి రెండును లైనక్స్ మీద నెమ్మదిగా సమకూరెను. హైదరాబాదులో ‘స్వేచ్ఛ’ అను పేర కూడిన యువకులు లైనక్స్‌లోని ఆజ్ఞలను, పట్టికలను తెలుగు చేయుటకు పూనుకొనిరి. కావున ఆకాశ్ పలక పుట్టునాటికి తెలుగు చదువగల యునిక్స్ వంటి వ్యవస్థ లేదనుటకు వీలు లేదు.

మరి పలకలో ఉన్నదేది? ఆండ్రాయిడ్. ఇదియు లైనక్స్ గర్భమును ధరించినదే. 2008లో దీనితో వచ్చిన మొదటి ఫోనునకు 192 మెగాబైట్ల చోటు ఉండెడిది. ఆకాశ్‌లో 256 మెగాబైట్లు, 366 మెగాహెర్ట్జ్ వేగముగల ప్రాసెసరు, ఏడంగుళముల తెర, అందు ఆండ్రాయిడ్ 2.2. ఆ తెర నొక్కిన గాని స్పందింపదు, తాకిన చాలదు. ఆ పలక పరీక్షల విషయమునను తగవు వచ్చెను. మొదట బాధ్యత వహించిన రాజస్థాను ఐఐటీవారు సైనికపరికరములకు తగిన గట్టిదనము కావలెననిరి. కంపెనీవారు ఆ వెలకు అది సాధ్యము గాదనిరి. 2012లో ఆ పని బొంబాయి ఐఐటీకి మారెను.

పలక మెల్లగా నడచుననియు, బ్యాటరీ మూడు గంటలకే తీరుననియు పత్రికలు వ్రాసెను. అందరికిని కనుపించిన లోపములివి. తెలుగువారికి మాత్రమే తగులు లోపమును గూర్చి అంతగా చర్చ జరిగినట్లు నేను చూడలేదు. ఆండ్రాయిడ్ 2.2 మూలరూపమున తెలుగు లేదు. తెలుగు, కన్నడము, మలయాళము కనబడునని దానిని చేసినవారు ప్రకటించినది 2012లో వెలువడిన 4.1 కూర్పునందు. పాత పలకలో క్రొత్త కూర్పును దించుకొనరాదా యని మీరడుగవచ్చును. 4.0 కూర్పు నుండియే ఆండ్రాయిడ్ తన కోరికల పట్టికలో కనీసము 340 మెగాబైట్ల చోటు కావలెనని వ్రాసికొనెను. ఆకాశ్‌లో ఉన్నది 256. లెక్క అక్కడనే తెగినది.

ఇచ్చట ఒక మాట స్పష్టముగ చెప్పవలెను. తెలుగు బరువైన లిపి గనుక పెద్ద యంత్రము కావలసివచ్చెనని కొందరందురు. అది సరి కాదు. తెలుగులో ఒక్కొక్క గుర్తునకు సాధారణముగ మూడు బైట్లు పట్టుట నిజమే. ఇంగ్లీషునకు ఒకటి చాలును. అయినను ఒక తెలుగు ఫాంటు కొన్ని వందల కిలోబైట్లకు మించదు. 256 మెగాబైట్లలో అది ఏ మూలకు? ఆకాశ్‌కంటె తక్కువ చోటుగల పాత బల్లకంప్యూటర్లమీదను లైనక్స్ తెలుగును చూపుచుండెను. తెలుగు చోటు కోరలేదు. తెలుగును కడపటి బండిలో ఎక్కించిరి, ఆ బండి పెద్దదగుటచే చిన్న ఊళ్లకు రాలేదు. ఎనుబదినాలుగు మెగాబైట్ల కొరతకు కారణము వేరు భోగములు. దాని ఫలమును అనుభవించినది తెలుగు.

2012 నవంబరు 11న రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ ఆకాశ్-2ను వెలువరించెను. 512 మెగాబైట్లు, వేగము ఒక గిగాహెర్ట్జ్, తాకిన చాలు తెర. మంచి పలకయే. కాని దానిలో పెట్టినది 4.0 కూర్పు, తెలుగు గల 4.1కు ఒక్క మెట్టు క్రింద! అయితే ఈసారి వేరొక ద్వారము తెరచియుండెను. బొంబాయి ఐఐటీవారు అదే పలకమీద గ్నూ-లైనక్స్‌ను నడపి చూపిరి. యంత్రము అదియే, చోటు అంతియే. వ్యవస్థ మారిన మాత్రమున తెలుగు చదువుటకు త్రోవ దొరకెను.

అట్లయిన ప్రతి పాత పలకలోను లైనక్స్ నింపవచ్చును గదా? ఇక్కడనే దుబాసుల చిక్కు అడ్డుపడును. కంప్యూటరు లోపలి భాగములు చాలవరకు తమ పేరు తామే చెప్పుకొనును. పలకలలోని భాగములు చెప్పుకొనవు. ఏ తీగ ఎచ్చటికి పోవునో చేసినవానికే తెలియును. అతడు చెప్పనిచో బయటివాడు తడుముకొని కనుగొనవలెను. ఆకాశ్-2లోని ప్రాసెసరు చీనా దేశపు ఆల్‌విన్నర్ కంపెనీవారి ఏ13 అను చిప్పు. శంషాబాదునకు చేరువనే, మహేశ్వరము మండలమున, మన గడ్డమీదనే చిప్పులను చేయుదమని 2006 ప్రాంతమున ఫ్యాబ్ సిటీని తలపెట్టిరి. చిప్పుల కర్మాగారము రాలేదు. సూర్యశక్తి పలకల కంపెనీలు కొన్ని వచ్చెను. కనుక ఇచ్చట కూర్చిన పలకలోపలి రహస్యములు ఇచ్చటివారికిని తెలియవు.

ఆ చిప్పునకు దుబాసులను వ్రాయుటకు వేర్వేరు దేశముల ఔత్సాహికులు ‘సన్‌ఎక్సై’ అను పేర ఒక కూటముగ ఏర్పడిరి. వారిలో పెక్కురు ఆకాశ్ పేరు విని ఉండకపోవచ్చును. అదే చిప్పు ఇతర దేశపు చవుక పరికరములలోను ఉండుటచే వారు ఆ శ్రమకు పూనుకొనిరి. 2012, 2013 నాటికి దాని ప్రాథమికభాగములు లైనక్స్ మూలములో చేరెను. తెరమీద బొమ్మలు వేగముగ గీయు ‘మాలి’ అను భాగమునకు మాత్రము స్వేచ్ఛగా పంచుకొనదగిన దుబాసి 2019లో వెలువడిన లైనక్స్ 5.2 కూర్పులో గాని చేరలేదు. అప్పటికి ఆకాశ్-2 పుట్టి ఇంచుమించు ఏడేండ్లు గడచినవి. ఆ పలకలను పుచ్చుకొన్న విద్యార్థులు చదువు ముగించి ఉద్యోగములకు పోయిరి.