పరిశ్రమల అవసరాలకు అనుగుణంగా యాజమాన్య విద్య

హైదరాబాదు తూర్పు భాగంలోని ఉప్పల్, నాచారం పారిశ్రామికవాడలు దశాబ్దాలుగా వేలాది కుటుంబాలకు ఉపాధి కల్పిస్తున్నాయి. ఉస్మానియా విశ్వవిద్యాలయం వీటికి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఉన్నది. అయినా పట్టభద్రులకు ఉద్యోగాలు, చిన్న పరిశ్రమలకు తగిన సిబ్బంది దొరకడం కష్టంగానే ఉంటున్నది.

చిన్న పరిశ్రమలో ప్రతి పనికి ప్రత్యేక విభాగం ఉండదు. ముడిసరుకు కొనుగోలు, జీఎస్టీ లెక్కలు, భవిష్యనిధి, ఇ.ఎస్.ఐ. చెల్లింపులు, బకాయిల వసూలు తరచుగా ఒకరిద్దరే నిర్వహిస్తారు. ఉదాహరణకు, 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థల నుండి సరుకు కొన్నవారు గరిష్ఠంగా 45 రోజులలో సొమ్ము చెల్లించాలి. జాప్యమైతే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చొప్పున చక్రవడ్డీ ఇవ్వాలి. పెద్ద కంపెనీల వార్షిక నివేదికలను విశ్లేషించగలిగినా, ఈ నిబంధన క్రింద దరఖాస్తు తయారుచేయడం తెలియని ఎం.బి.ఏ. పట్టభద్రుడు చిన్న పరిశ్రమకు పూర్తిగా ఉపకరించలేడు.

మరోవైపు ఈ ప్రాంత స్వరూపం కూడా మారుతున్నది. 2017 నవంబరులో నాగోలు వరకు మెట్రో రైలు ప్రారంభమైంది. ఐటీ రంగాన్ని నగరం నలుదిక్కులకు విస్తరింపజేసే 'గ్రిడ్' విధానం 2020లో రూపొందింది. పారిశ్రామికవాడలలోని స్థలాలను ఐటీ పార్కులుగా మార్చుకొనే వీలు దీనివల్ల కలిగింది. కనుక కర్మాగారానికీ, కార్యాలయానికీ తగిన నైపుణ్యాలు నేటి విద్యార్థికి అవసరం.

పరిశ్రమతో ముడిపడిన శిక్షణ ఈ నగరానికి కొత్త కాదు. యూసుఫ్‌గూడలోని చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థ, అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్లెలాండ్ సహకారంతో, 1964లో కాకినాడ వ్యాపారులకు ఇక్కడ శిక్షణ ఇచ్చింది. ఆ సంస్థే నేటి నిమ్స్‌మే.

నిబంధనలు కూడా ఇప్పుడు అనుకూలంగా ఉన్నాయి. డిగ్రీలో కనీసం ఒక సెమిస్టరు అప్రెంటిస్‌షిప్‌ లేదా ఇంటర్న్‌షిప్‌కు కేటాయించే మార్గదర్శకాలను విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2020లో విడుదల చేసింది. సాధారణంగా 15 సంవత్సరాల అనుభవం గల వృత్తి నిపుణులు, నిర్ణీత విద్యార్హతలు లేకపోయినా, 'ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్'గా బోధించే అవకాశాన్ని 2022లో కల్పించింది.

కళాశాలలు సమీప పరిశ్రమలతో ఒప్పందాలు చేసుకొని, నిజమైన జమాఖర్చులు, సరుకు నిల్వలు, బకాయిల వసూలుపై విద్యార్థులచే పని చేయించాలి. పరిశ్రమలు కూడా వారిని సందర్శకులుగా కాక, బాధ్యత గల సహాయకులుగా స్వీకరించాలి. అప్పుడే ఆ ఒక్క సెమిస్టరు విద్యార్థికి ఉద్యోగార్హతను, పరిశ్రమకు పనికి వచ్చే మనిషిని సమకూర్చగలదు.